బడిలో కంప్యూటర్ గదికి ఏది కొనాలి: విండోసా, క్రోమ్‌బుక్కా, ఐప్యాడా, లైనక్సా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 6 నుంచి 10వ తరగతి వరకు పిల్లలు, ఒకేసారి 40 మంది కూర్చునే గది. విండోస్ 10 నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌లు ఓ 20 ఉన్నాయి. ఇంటర్నెట్ ఉంది గానీ మధ్యమధ్యలో పోతుంటుంది. ల్యాబ్‌కంటూ ప్రత్యేకంగా మనిషి లేరు, లెక్కల మాస్టారే ఖాళీ పీరియడ్‌లో చూసుకుంటారు. కమిటీలో ఒకరు క్రోమ్‌బుక్‌లు (గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు) అంటున్నారు, ఒకరు ఐప్యాడ్‌లు అంటున్నారు, ఇంకొకరేమో "రేపు ఉద్యోగాల్లో పనికొచ్చేది విండోసే కదా" అంటున్నారు. ఏది తీసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పిన పరిస్థితికైతే అన్నీ ఒకే మోడల్ డెస్క్‌టాప్‌లు లేదా మినీ పీసీలు (చిన్న పెట్టెలాంటి డెస్క్‌టాప్‌లు) తీసుకుని, అన్నిటిలో ఒకే లైనక్స్ (విండోస్‌కి బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయించండి. పాత 20 పారేయొద్దు, వాటిలో ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) పెట్టించి అదే లైనక్స్ వేయండి. మాస్టారికి లైనక్స్ నేర్చుకునే ఓపిక లేకపోతే విండోసే ఉండనివ్వండి, కానీ రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి వచ్చేసే ఏర్పాటుతో. నెట్ బాగుపడే వరకు క్రోమ్‌బుక్‌ల జోలికి పోవద్దు. ఐప్యాడ్‌లు చిన్న తరగతులకు బాగుంటాయి, మీ తరగతులకు మొదటి కొనుగోలుగా వద్దు.

ఇక కారణాలు. బళ్లలో ల్యాబ్‌లు పెట్టడం, పెట్టినవి నడిపించడం నా పని. ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా చర్చంతా ప్రాసెసర్, ర్యామ్, బ్రాండ్ చుట్టూనే తిరుగుతుంది. నేను మాత్రం ముందు ఒక్కటే అడుగుతాను: ఒక మెషీన్ చెడిపోతే, దాన్ని మళ్లీ మొదటిరోజు స్థితికి తేవడానికి మీ బడిలో ఉన్న మనిషికి ఎంతసేపు పడుతుంది? కంపెనీ మనిషికి కాదు, మీ మాస్టారికి. పావుగంటలో అయిపోతే ఏ ప్లాట్‌ఫామ్ అయినా బతుకుతుంది. సగం రోజు పడుతుందంటే, ఎంత మంచి మెషీన్లు కొన్నా ఏడాది తిరిగేసరికి మూడో వంతు మీద "పనిచేయదు" అని కాగితం అంటించి ఉంటుంది.

ఎందుకంటే బడి కంప్యూటర్ ఆఫీసు కంప్యూటర్‌లా ఒక మనిషి చేతిలో ఉండదు. ఒకే సీటులో రోజుకి ఆరుగురు కూర్చుంటారు. ఒకడు వాల్‌పేపర్ మారుస్తాడు, ఒకడు టాస్క్‌బార్‌ని నిలువుగా పెడతాడు, ఇంకొకడు కీబోర్డులో ఎమ్, ఎన్ మీటలు పీకి అటుది ఇటు పెడతాడు. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న విండోస్ మెషీన్లలో కంట్రోల్, ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కితే తెర మొత్తం తలకిందులవుతుంది. ఆ సంగతి ఒక్కడికి తెలిస్తే చాలు, ఇంటర్వెల్ అయ్యేసరికి వరసంతా తలకిందులే. టీచర్ కంగారుపడి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. తెర ఎలాగూ సరి కాదు, అలా ఆపడం వల్ల ఒక్కోసారి డిస్క్ మీద ఫైళ్లు చెడతాయి. ఇందులో ఒక్కటీ పెద్ద రిపేరు కాదు. ఇలాంటివి రోజూ నాలుగైదు పోగవుతాయి, అదీ అసలు బాధ.

ఇప్పుడు ఒక్కో ప్లాట్‌ఫామ్‌ని ఈ లెక్కన చూద్దాం.

క్రోమ్‌బుక్. ఈ ఒక్క విషయంలో దీన్ని మించింది లేదు. పవర్‌వాష్ చేస్తే, అంటే లోపలున్నదంతా తుడిచేస్తే, కొద్ది నిమిషాల్లో కొత్తదానిలా లేస్తుంది. బడి నిర్వహణ కన్సోల్‌లో (అన్ని పరికరాలనీ ఒకే చోటి నుంచి అదుపు చేసే వెబ్ పేజీలో) ముందే నమోదు చేసి ఉంటే, తుడిచేసిన తర్వాత కూడా నెట్ తగలగానే మళ్లీ బడి అదుపులోకే వస్తుంది, పిల్లవాడు తప్పించుకోలేడు. ఒకటి పాడైతే పక్కది ఇవ్వడమే, లాగిన్ అయితే వాడి పనంతా అక్కడే కనిపిస్తుంది. సాంకేతిక మనిషి లేని బళ్లకి ఇది వరం లాంటిదని నేనే చాలామందికి చెప్పాను.

మరి మీకెందుకు వద్దంటున్నాను? నెట్. ఆఫ్‌లైన్‌లో డాక్యుమెంట్లు రాసుకోవచ్చు, నిజమే, కానీ దానికి ముందే సెట్ చేసి ఉంచాలి. ఆ మెషీన్ మీద అంతకుముందు ఎప్పుడూ లాగిన్ అవని పిల్లవాడు నెట్ లేకుండా లోపలికే వెళ్లలేడు. మెషీన్లు తరగతి నుంచి తరగతికి చేతులు మారే చోట ఇది రోజూ తగిలే ఇబ్బంది. 40 మంది ఒకేసారి లాగిన్ కొట్టే మొదటి పది నిమిషాలు చూస్తే మీకే తెలుస్తుంది. ఇంట్లో వాడే రౌటర్ అక్కడ చేతులెత్తేస్తుంది. వైఫైకి పెట్టాల్సిన ఖర్చు కూడా క్రోమ్‌బుక్ ఖర్చులోనే కలిపి చూసుకోవాలి. నిర్వహణ లైసెన్సు ఒక్కో పరికరానికి విడిగా కొనాలి, కొటేషన్‌లో అది ఉందో లేదో చూడండి.

ఇంకో మెలిక. క్రోమ్‌బుక్‌కి అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటి ఉంటుంది. 2021 తర్వాత వచ్చిన ప్లాట్‌ఫామ్‌లకు గూగుల్ 10 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తోంది. ఆ పదేళ్లూ మీరు కొన్న రోజు నుంచి లెక్క కాదు, ఆ హార్డ్‌వేర్ ప్లాట్‌ఫామ్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. డిస్కౌంట్‌లో వచ్చే పాత మోడల్‌కి సగం ఆయుష్షు అప్పటికే అయిపోయి ఉండొచ్చు. మోడల్ పేరుతో వెతికితే ఆ తేదీ గూగుల్ సైట్‌లోనే దొరుకుతుంది, అది చూడకుండా సంతకం పెట్టకండి. పైగా చాలా మోడళ్లలో ర్యామ్, స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటాయి, తర్వాత పెంచుకోవడం కుదరదు.

ఐప్యాడ్. ఆరేడేళ్ల పిల్లల చేతికి ఇంతకంటే మంచి పరికరం లేదు. మౌస్ పట్టుకోవడం రాని పిల్లలు కూడా బొమ్మ గీస్తారు, గొంతు రికార్డు చేస్తారు, మొక్క ఫొటో తీసి దాని మీద రాస్తారు. బ్యాటరీ రోజంతా వస్తుంది. బడి పరికరాలనీ ఖాతాలనీ చూసుకునే యాపిల్ స్కూల్ మేనేజర్ అనే సేవతో పాటు ఒక నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉంటే ఒకే ఐప్యాడ్‌ని చాలామంది పిల్లలు ఎవరి ఖాతాతో వారు వాడుకునే పద్ధతీ ఉంది. ఆ రెండూ లేకుండా కొంటే మాత్రం నలుగురి ఫొటోలూ కలిసిపోయిన ఇంటి ట్యాబ్లెట్‌లా తయారవుతుంది.

మీవాళ్లు 6 నుంచి 10. పేజీలకు పేజీలు టైప్ చేయాలి, స్ప్రెడ్‌షీట్ నేర్వాలి, పైథాన్ భాషలో ప్రోగ్రామ్‌లు రాయాలి. కీబోర్డు, కేసు కలిపి కొనేసరికి ఐప్యాడ్ ఖర్చు ల్యాప్‌టాప్‌ని దాటిపోతుంది, అయినా ఫైళ్లు ఫోల్డర్లు అనే ఊహ పిల్లలకి సరిగ్గా ఏర్పడదు. పదో తరగతి పిల్లవాడు "నా ఫైల్ ఎక్కడుందో తెలీదు సార్, ఆ యాప్‌లో ఉంది" అనడం నేను తరచూ వింటుంటాను.

ఐప్యాడ్‌ల పేరెత్తితే లాస్ ఏంజెలెస్ గుర్తొస్తుంది. అక్కడి బడుల జిల్లా 2013లో పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వాలని భారీ పథకం మొదలుపెట్టింది. కొద్ది వారాల్లోనే హైస్కూలు పిల్లలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బడి ఆంక్షలు పెట్టే నిర్వహణ ప్రొఫైల్‌ని డిలీట్ చేసేశారు. దాంతో ఫిల్టర్లన్నీ పోయి, ఇళ్లలో ఏ సైట్ కావాలంటే అది చూసుకున్నారు. 2014 చివరికల్లా ఆ ఒప్పందాన్ని జిల్లా వదులుకుంది. ఇప్పుడు ఆ ప్రొఫైల్ తీసేయడానికి వీల్లేకుండా పెట్టుకునే ఏర్పాటు ఉంది కాబట్టి నేను ఐప్యాడ్‌ని తప్పుపట్టను. పరికరాలు పంచడానికి ముందే వాటిని ఎవరు, ఎలా అదుపు చేస్తారో తేలాలి, అక్కడ తేలలేదు.

విండోస్. సాఫ్ట్‌వేర్ దొరకదన్న మాటే ఉండదు. ప్రింటర్, ప్రొజెక్టర్, పాత సీడీ, పరీక్షల సాఫ్ట్‌వేర్ అన్నీ దీని మీద నడుస్తాయి. ఉదాహరణకి పరీక్షల సమయంలో తెరని బిగించి ఉంచే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌ల మీద నడుస్తుంది, లైనక్స్ మీదా క్రోమ్‌బుక్ మీదా నడవదు. మీ బోర్డు పరీక్ష ఏదైనా ఒక నిర్దిష్ట సాఫ్ట్‌వేర్ అడుగుతుందేమో ముందే కనుక్కోండి. అడిగితే ఇక చర్చ అక్కడితో ముగిసినట్టే.

విండోస్‌తో ఇబ్బంది దాన్ని శుభ్రంగా ఉంచడంలో ఉంది. పీరియడ్ 40 నిమిషాలు. ఆన్ చేయగానే "అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆఫ్ చేయకండి" అని వస్తే పాఠం సగం పోయినట్టే. డొమైన్ (ఖాతాలన్నీ ఒకే సర్వర్‌లో ఉండే ఏర్పాటు) పెట్టి పిల్లలకి విడివిడి ఖాతాలిస్తే, కొత్త మెషీన్ మీద మొదటిసారి లాగిన్ అయిన ప్రతివాడికీ ప్రొఫైల్ తయారయ్యే వరకు ఎదురుచూపే. అందుకని చిన్న బళ్లలో నేను చేసేది ఇది: అన్నిటిలో ఒకటే స్థానిక ఖాతా, అడ్మిన్ హక్కులు లేకుండా. డిస్క్‌ని గడ్డకట్టించే సాఫ్ట్‌వేర్, అంటే డీప్ ఫ్రీజ్ లాంటిది. పిల్లలు ఏం చేసినా రీస్టార్ట్ కొడితే నిన్నటి మెషీనే తిరిగొస్తుంది. పిల్లల ఫైళ్లు మాత్రం సర్వర్ మీదో, గడ్డకట్టని వేరే డ్రైవ్‌లోనో పెట్టించాలి. ఇది ముందు చెప్పకపోతే మొదటి వారంలోనే ప్రాజెక్టు పోగొట్టుకుని ఎవరో ఒకరు ఏడుస్తారు. అప్‌డేట్లకి వారానికో గంట, బడి వదిలాక, గడ్డ కరిగించి చేసుకోవాలి.

లైనక్స్. బళ్లలో లైనక్స్ అనగానే "అది కష్టం కదా" అంటారు. పిల్లలకి కష్టం కాదు. ఫైర్‌ఫాక్స్ తెరవడం, ఎమ్మెస్ ఆఫీస్ లాంటి ఉచిత లిబ్రేఆఫీస్‌లో రాయడం రెండో రోజుకే అలవాటైపోతుంది. కష్టమల్లా మొదటిసారి పెట్టేవాళ్లకి. ఒక మెషీన్‌ని జాగ్రత్తగా తయారుచేసి, క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో దాని డిస్క్ మొత్తానికీ నకలు తీసుకుని, మిగతా అన్నిటిలోకి కొట్టించడం నా పద్ధతి. కేబుల్ నెట్‌వర్క్, మధ్యలో కేబుళ్లన్నిటినీ కలిపే వేగమైన గిగాబిట్ స్విచ్ ఒకటి ఉంటే ఒకే నకలు అన్ని మెషీన్లకీ ఒకేసారి ఎక్కుతుంది. తర్వాత ఏదైనా చెడిపోతే ఆ నకలు ఉన్న పెన్‌డ్రైవ్ మాస్టారి బీరువాలో ఉంటుంది. పెట్టడం, బూట్ చేయడం, రెండు మూడు సార్లు ఎంటర్ నొక్కడం, అంతే. ఆ రెండు మూడు ఎంటర్లు ఎక్కడ నొక్కాలో బొమ్మలతో ఒక కాగితం రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించండి. మాస్టారు సెలవులో ఉన్న రోజు ఆ కాగితమే పని చేస్తుంది.

ఇంకా ముందుకెళ్లాలంటే ఎల్‌టీఎస్‌పీ అనే లైనక్స్ ఏర్పాటు ఉంది. మెషీన్లలో డిస్కే అక్కర్లేదు, అన్నీ నెట్‌వర్క్ మీదుగా ఒకే సర్వర్‌లోని ఒకే నకలు నుంచి బూట్ అవుతాయి. సర్వర్‌లో ఒక్కసారి సరిచేస్తే గదంతా సరైపోతుంది. అద్భుతమైన ఏర్పాటు, కానీ ఆ సర్వర్ పడుకుంటే గదీ పడుకుంటుంది. మీ మాస్టారి ఒక్కరి మీద ఆ భారం పెట్టమని నేను చెప్పను.

లైనక్స్‌లో ఎదురయ్యేవి కూడా చెప్పాలి. పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్‌కి డెస్క్‌టాప్ యాప్ లైనక్స్ మీద అధికారికంగా లేదు. బ్రౌజర్‌లో నడుస్తుంది, నెట్ లేని గదికి స్క్రాచ్ లాంటిదే అయిన టర్బోవార్ప్ వేసుకుంటే స్క్రాచ్ ప్రాజెక్టులు దాంట్లో తెరుచుకుంటాయి. ప్రింటర్ కొనేముందు లైనక్స్‌కి డ్రైవర్ ఉందో లేదో చూడాలి. వేరేచోట ఎమ్మెస్ ఆఫీస్‌లో చేసిన ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అక్కడక్కడా అమరిక చెదురుతుంది. టీచర్లు ఫిర్యాదు చేసేది ఎక్కువగా దీని గురించే. పిల్లల సొంత భాషలో టైపింగ్‌కి కీబోర్డు లేఅవుట్‌ని నకలు తీయకముందే పెట్టేయండి, తర్వాత 40 చోట్ల పెట్టుకోవడం విసుగు.

లైనక్స్ పెద్ద ఎత్తున నిలబడిందనడానికి కేరళ ప్రభుత్వ బడులు చాలు. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం తర్వాతి ఏళ్లలో పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మారింది. అదే ఇప్పుడు కైట్ అనే సంస్థగా నడుస్తోంది. ఉబుంటు అనే లైనక్స్ మీద కట్టిన తమ సొంత లైనక్స్‌ని అన్ని బళ్లలోనూ వేస్తారు. అక్కడ నిలబడటానికి కారణం ఉచితం కావడం ఒక్కటే కాదు. పాఠ్యపుస్తకం, సాఫ్ట్‌వేర్, టీచర్ల శిక్షణ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా చేసుకున్నారు. ఎవరైనా "మేమూ లైనక్స్ పెట్టాం, టీచర్లు ముట్టుకోవట్లేదు" అంటే నేను అడిగేది శిక్షణ ఎన్ని రోజులిచ్చారనే.

ఇక మీ కమిటీలోని ఉద్యోగాల వాదన. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లవాడు ఉద్యోగంలో చేరేసరికి కనీసం పదేళ్లు. 2015లో విండోస్ 10 వచ్చింది, 2025 అక్టోబర్ 14తో దాని ఉచిత మద్దతు ముగిసింది. ఒక విండోస్ పుట్టి వెళ్లిపోయేంత కాలం అన్నమాట. బళ్ల కోసమే మైక్రోసాఫ్ట్ 2021లో తెచ్చిన విండోస్ 11 ఎస్ఈకి 2026 అక్టోబర్‌తో మద్దతు ముగించేస్తోంది, ఐదేళ్లయినా నిలవలేదు. మెనూలో ఏ బటన్ ఎక్కడుందో నేర్పితే అది ఎలాగూ మారిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం రాయడం, ఫైల్‌ని సరైన చోట దాచడం, ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడం ఏ ప్లాట్‌ఫామ్‌లో నేర్చినా పోవు. ఆ సభ్యుడికి ఇది చెప్పినా ఒప్పుకోకపోతే, పెద్ద తరగతుల కోసం ఓ నాలుగైదు మెషీన్లలో విండోస్ ఉంచండి. గొడవ తగ్గుతుంది, నష్టమేమీ లేదు.

మీ పాత 20 సంగతి. విండోస్ 11కి టీపీఎం 2.0 (మెషీన్‌లో ఉండే భద్రతా చిప్) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. మీవి అంతకంటే పాతవై ఉంటాయనుకుంటున్నాను. ఏదో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులు వీడియోల్లో కనిపిస్తాయి, బడి మెషీన్లకి అవి వద్దు, ఏ అప్‌డేట్‌తో ఆగిపోతాయో చెప్పలేం. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టండి, ర్యామ్ 8 జీబీ చేయండి, తేలికైన లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. ఆన్ చేశాక టీ తాగి వచ్చేదాకా తిరిగిన చక్రం ఇప్పుడు అర నిమిషంలో ఆగుతుంది. నెట్ బాగుండే బడి అయితే ఇలాంటి పాత మెషీన్లకి క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ (మామూలు పీసీని క్రోమ్‌బుక్‌లా మార్చే గూగుల్ సాఫ్ట్‌వేర్) కూడా మంచి మార్గం, ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం దాంట్లో రావు.

నెట్ పోయే గదికి ఒక చిన్న సర్వర్ పెట్టుకోండి, ఉన్న వాటిలో ఒక డెస్క్‌టాప్ చాలు. కొలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ అందులో వేస్తే వీడియోలు, అభ్యాసాలు ఒకసారి దింపుకుని, నెట్ లేకుండానే గదిలో అందరికీ చూపించొచ్చు. తెర మీద సైన్స్ ప్రయోగాలు చూపించే ఫెట్ సిమ్యులేషన్లు, లెక్కలకి పనికొచ్చే జియోజీబ్రా కూడా దింపుకుని పెట్టుకోవచ్చు. సైన్స్, లెక్కల టీచర్లు గదిలోకి రావడం మొదలుపెట్టేది వీటివల్లే.

కరెంటు గురించి ఒక మాట. మామూలు డెస్క్‌టాప్, మానిటర్ కలిపి సుమారు 100 వాట్లు తీసుకుంటే 40కి 4 కిలోవాట్లు. అంత కరెంటుకి సరిపోయే యూపీఎస్ కొనడం చాలా ఖరీదు. మినీ పీసీలైతే మానిటర్‌తో కలిపినా అందులో సగం లోపే సరిపోతుంది. కొత్తవి కొనేటప్పుడు నేను మినీ పీసీల వైపు మొగ్గేది ఇందుకే. మానిటర్ వెనక బిగించేస్తే పిల్లల కాళ్లకీ తగలవు.

మెషీన్ల కోసమే డబ్బంతా ఖర్చు పెట్టేయకండి. పెరూ ప్రభుత్వం ఒక పిల్లవాడికి ఒక ల్యాప్‌టాప్ పథకం కింద 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు పరిశీలిస్తే, లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. పరికరం ఇచ్చారు, దాంతో ఏ పాఠం ఎలా చెప్పాలో టీచర్లకి తగినంతగా నేర్పలేదు. ఉన్న డబ్బులో నాలుగో వంతైనా శిక్షణకీ, మరమ్మతులకీ పక్కన పెట్టమని ప్రతి బడికీ చెబుతుంటాను, వినేవాళ్లు తక్కువ. 40 కావాలంటే 36 కొని మిగతా డబ్బుతో కీబోర్డులు, మౌస్‌లు, హెడ్‌ఫోన్లు అదనంగా తెచ్చి పెట్టుకోండి. ఇద్దరు ఒక మెషీన్ పంచుకుంటే పాఠం ఆగదు. హెడ్‌ఫోన్ పిన్ విరిగి సాకెట్‌లో ఉండిపోతే మాత్రం ఆ సీటుకి శబ్దం ఉండదు, అందుకని హెడ్‌ఫోన్లని నేరుగా పెట్టకుండా చవకైన యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ద్వారా పెట్టించండి. విరిగేది ఆ అడాప్టర్‌లోనే విరుగుతుంది, మార్చేస్తే సరి.

అన్నీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. ఆరు మెషీన్లు తెచ్చి ఒక టర్మ్ నడపండి. మాస్టారి చేత, పక్కన ఎవరూ లేకుండా, ఒకదాన్ని పూర్తిగా తుడిచి మళ్లీ నిలబెట్టించండి. గడియారం పెట్టి చూడండి. ఆయన పావుగంటలో చేసేస్తే మిగతావి ఆర్డర్ పెట్టేయొచ్చు.

ఆర్డర్ పెట్టేటప్పుడు కాగితంలో ఈ ఒక్కటీ రాయించుకోండి: అడ్మిన్ ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, నకలు ఉన్న డిస్క్ బడి పేరు మీద బడి దగ్గరే ఉండాలి. నాకు తెలిసిన ఒక బడిలో పరికరాలు సరఫరా చేసినవాళ్లు తమ ఉద్యోగి సొంత మెయిల్‌తో నిర్వహణ ఖాతా తెరిచారు. అతను ఉద్యోగం మానేశాడు, ఫోన్ ఎత్తడు. పరికరాలన్నీ బంగారంలా పనిచేస్తున్నాయి, కానీ ఒక్క సెట్టింగ్ మార్చడానికి లేదు, తుడిచినా మళ్లీ ఆ ఖాతాకే వెళ్లి అంటుకుంటాయి. బిల్లులు, సీరియల్ నంబర్లు పట్టుకుని కంపెనీ చుట్టూ తిరిగితే నెలల తర్వాత విడిపించారు. మీ ఖాతా బడి డొమైన్ మెయిల్‌తో తెరిపించి, రెండో అడ్మిన్‌గా ప్రధానోపాధ్యాయుల ఖాతా పెట్టించండి. ఆ పాస్‌వర్డ్ కవరులో పెట్టి, అడ్మిషన్ రిజిస్టర్లు ఉండే బీరువాలోనే ఉంచండి.